పొత్తు అభ్యర్థి తరఫున బూత్‌లో కూర్చోబోతున్న మేనల్లుడికి

భీమవరం,
2 మే 2024

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఈసారి మన బూత్‌లో జనసేన అభ్యర్థికి పోలింగ్ ఏజెంటుగా నిన్ను కూర్చోబెడుతున్నారని అక్క ఫోనులో చెప్పింది. సైకిల్ ఇంట్లో పుట్టినవాడు గ్లాసుకు ఏజెంటేమిటని బావగారు గొణుగుతున్నారట. ఆ గొణుగుడును తేలిగ్గా తీసుకోకు. 13వ తేదీ పోలింగులో మన ఊళ్లో తేలవలసింది అదే.

రాష్ట్రంలో 175 స్థానాలను తెలుగుదేశం 144, జనసేన 21, భాజపా 10 చొప్పున పంచుకున్నాయి. ఎదురుగా వైకాపా ఒంటరిగా నిలబడింది. కాంగ్రెస్, ఉభయ కమ్యూనిస్టులు కలిసి మూడో పక్షంగా ఉన్నాయి. మన భీమవరంలో 2019లో వైకాపా అభ్యర్థికి 70 వేల పైచిలుకు, పవన్ కల్యాణ్‌కు 62 వేల పైచిలుకు, తెలుగుదేశం అభ్యర్థి పులపర్తి రామాంజనేయులుకు 54 వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి. ఆ రామాంజనేయులే ఇప్పుడు జనసేన అభ్యర్థి కావడంతో, 62కు 54 కలిపేసి మెజారిటీ ఎంతో చెప్పేవాళ్లు ప్రతి టీ కొట్టు దగ్గరా కనిపిస్తున్నారు. 2009లో తెలుగుదేశం, తెరాస, సీపీఐ, సీపీఎం కలిసి మహాకూటమి కట్టినప్పుడు మేమూ ఇలాగే కాగితం మీద కూడికలు వేశాం. తీరా చూస్తే కాంగ్రెస్ 156 స్థానాలతో మళ్లీ గద్దెనెక్కింది. నాయకులు చేతులు కలిపినంత మాత్రాన ఓట్లు కలిసిపోవని, ఇంటింటికీ తిరిగి కలపవలసి ఉంటుందని అప్పుడు తెలిసింది.

అందుకే ప్రచారం ముగిసేలోపు నీవు చేయవలసిన పెద్ద పని గుర్తులు చెప్పడం. అసెంబ్లీకి గాజు గ్లాసు, నరసాపురం పార్లమెంటుకు కమలం. నలభై ఏళ్లుగా సైకిల్ తప్ప మరొకటి నొక్కని ఇళ్లకు రెండు మిషన్లలోనూ సైకిల్ కనిపించదు. ఫ్యాను వాళ్లకు ఈ చిక్కు లేదు, రెండింటా అదే గుర్తు. 2014లోనూ పార్లమెంటు స్థానం పొత్తులో భాజపాకే వెళ్లింది గానీ, అసెంబ్లీకైనా సైకిల్ ఉండేది. ఆనాడు నేను బూత్‌లో కూర్చున్నాను. మా వీధిలోని ఒక ముసలావిడ పార్లమెంటు మిషను ముందు ఎంతసేపు నిలబడినా బీప్ రాలేదు. చివరికి అట్ట చాటు నుంచి బయటికి వచ్చి, "ఇందులో సైకిల్ లేదు బాబూ, నేనేం నొక్కను?" అని నా వైపే చూసింది. నేను నోరు విప్పకూడదు. అధికారి ఆవిడను మళ్లీ లోపలికి పంపారు, ఈసారి బీప్ వచ్చింది, దేని మీద నొక్కిందో ఆ దేవుడికే తెలియాలి. వారం ముందు వాళ్ల అరుగు మీద ఐదు నిమిషాలు కూర్చుని ఉంటే నాకు ఆ అవస్థ తప్పేది.

కాబట్టి అట్ట మీద నమూనా బ్యాలెట్లు రెండు తయారు చేసుకో. పార్లమెంటుది తెల్ల కాగితం, అసెంబ్లీది గులాబీ రంగు కాగితం. గుర్తింపు పొందిన పార్టీల పేర్లు పైన ఉంటాయి. జనసేన ఇంకా గుర్తింపు పొందని రిజిస్టర్డ్ పార్టీయే కనుక మన అభ్యర్థి పేరు కిందికి ఉంటుంది, పైనే వెతికి ఆగిపోవద్దని ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు విడమరిచి చెప్పు. జనసేన బరిలో లేని కొన్నిచోట్ల అదే గ్లాసును స్వతంత్రులకు కేటాయించారు. పక్క నియోజకవర్గాల్లో ఓటున్న చుట్టాలు అడిగితే మన ఊరి లెక్కే వాళ్లకు అప్పజెప్పకు. బావగారి విషయంలో మాత్రం వాదనకు దిగవద్దు. సైకిల్ వాళ్లలో ఆయన ఈడువాడిని, ఎవరి మాట ఆయన వింటారో ఆ మనిషిని వెంటబెట్టుకుని వెళ్లు.

ఇక పోలింగు నాడు పద్ధతి. నిన్ను ఏజెంటుగా నియమించినట్టు అభ్యర్థి సంతకంతో ఉన్న ఫారం-10, గుర్తింపు కార్డు ముందురోజే సంచిలో పెట్టుకో. ఓటింగు ఉదయం 7కు మొదలైతే మాక్ పోల్, అంటే మిషన్లను పరీక్షించే ఉత్తుత్తి ఓటింగు, గంటన్నర ముందే జరుగుతుంది. కనీసం 50 ఓట్లు వేయించి, ఏ గుర్తుకు ఓటు పడిందో చూపే వీవీప్యాట్ చీటీలతో సరిచూసి, క్లియర్ నొక్కించి, మొత్తం సున్నా అని చూశాకే సంతకం పెట్టు. ఒకసారి నేను టీకి వెళ్లి ఆ ఘట్టం చూడకుండానే సంతకం చేశాను, ఏమీ జరగలేదు గానీ రోజంతా మనసు పీకుతూనే ఉంది. ఫోను లోపలికి తీసుకువెళ్లకు. ఏజెంట్ల కుర్చీల్లోనూ గుర్తింపు పొందిన పార్టీలకే ముందు వరస, నీకు వెనక చోటు ఇస్తే గొడవ పడకు. వచ్చినవాడు అసలు ఓటరు కాడని గట్టిగా తెలిస్తే రెండు రూపాయలు కట్టి సవాలు చేయవచ్చు. అయితే ఎదుటి పక్షం మీది కోపంతో వరస ఆపడానికి దాన్ని వాడావంటే ఆ ఎండలో నిలబడ్డ మన ఓటర్లే ముందు ఇంటిదారి పడతారు.

సాయంత్రం 6కు వరసలో ఉన్నవాళ్లందరికీ, చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇస్తారు. వాళ్ల ఓట్లు అయ్యేదాకా కదలకు. క్లోజ్ నొక్కాక, పోలైన ఓట్ల లెక్క ఉండే 17సి ఫారం నకలు అడిగి తీసుకుని, మిషన్ల నంబర్లు, మొత్తం ఓట్లు నీ చేతిరాతతోనూ రాసుకో. కౌంటింగు జూన్ 4న. అంతవరకు ఆ కాగితం అక్క బీరువాలో ఉండాలి. ఆ రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, రెండు మిషన్ల మొత్తాలూ నాకు ఫోను చేసి చెప్పు, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మామయ్య