పిల్లి పరుపు తడుపుతోందా? ముందు ఇది చూడండి

రెండేళ్ల మగపిల్లి, పక్కనే దాని మలమూత్రాల ఇసుక ట్రే ఉన్నా పది రోజులుగా పరుపు మీద పోస్తోందన్నారు కదండీ. పొగరనుకుని కొట్టకండి. ట్రేలో మాటిమాటికీ ముక్కుతూ కూర్చుంటోందా, చుక్కలు చుక్కలుగా వస్తోందా, అరుస్తోందా? మగపిల్లులకు మూత్రనాళం బాగా సన్నం. అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. అసలు రాకపోతే అర్ధరాత్రయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

అదేమీ లేదంటే ట్రే సంగతి. మేం వాషింగ్ మెషిన్ పక్కన పెట్టాం. ఆ చప్పుడుకి బెదిరి మావాడు అటు పోవడమే మానేశాడు. వరండా మూలకి మార్చాక నాలుగు రోజుల్లో దారికొచ్చాడు. సెంటు వాసన ఇసుక కూడా చాలా పిల్లులకు నచ్చదు. ట్రేలోని మలినాన్ని రోజుకు రెండుసార్లు ఎత్తేయండి, బద్ధకిస్తే మళ్లీ పరుపే.

ఫినాయిల్‌తో తుడుస్తున్నానన్నారు, అది ఈరోజే ఆపేయండి. పాదాలకంటుకున్నది నాకితే పిల్లికి విషమే. పెంపుడు జంతువుల షాపుల్లో మూత్రం వాసన పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, దానితో తుడవండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది.

నిలబడి తోకెత్తి గోడ మీద చిమ్ముతుంటే మాత్రం వేరే కథ. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించకపోయుంటే చేయించండి, చాలావాటికి తగ్గిపోతుంది.