అయిదో లారీ

రామగిరి, నల్లగొండ

చిరంజీవి రచయిత్రికి ఆశీస్సులు.

జడ్చర్ల నుంచి నువ్వు పంపిన ‘నడిజాము’ నవల రాతప్రతి అందింది. మొదటిసారి పాఠకుడిగా, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఆ గుర్తులు అంచుల్లో కనిపిస్తాయి, నొచ్చుకోవద్దు. కల్వకుర్తి నుంచి వచ్చిన మల్లేశ్ అనే యువకుడు హైదరాబాదులోని ఒక అద్దెగదిలో కూర్చుని, ఎవరి పేరూ ఎవరికీ తెలియని ఒక రహస్య అంగడిని, మామూలుగా వెతికితే దొరకని ఇంటర్నెట్ మూల అయిన డార్క్‌నెట్‌లో తెరవడం, అది రెండేళ్లలో ఊహకందనంత పెరగడం, ఒక్క రాత్రిలో కూలిపోవడం నీ కథ. ఎత్తుగడ బాగుంది. అయితే ఇన్ని పేజీల్లో నాకు కంప్యూటరు కనిపించింది, పోలీసులు కనిపించారు, అంగడి మాత్రం కనిపించలేదు. నేను రాయబోయేదంతా ఆ ఒక్క లోటు గురించే.

ఈ విషయం మీద మాట్లాడే అర్హత ఈ ముసలాయనకు ఏముందని నీకు అనిపించవచ్చు. కథలు రాయడం మొదలుపెట్టక ముందూ, ఆ తర్వాతా కలిపి ముప్పై ఏళ్లు నేను వ్యవసాయ మార్కెట్ యార్డులో గుమాస్తాగా పనిచేశాను. కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తిదారులు, తూకం వేసే దడ్వాయిలు, హమాలీలు, ఖరీదుదారులు, వీళ్లందరి నడుమ సరుకు తూకమూ ధరా రాసిన తక్‌పట్టీ కాగితం చేతబట్టుకుని నిలబడిన రైతు, ఇదే నేను రోజూ చూసిన లోకం. నలభై బస్తాలు తెచ్చిన మనిషి, ముక్కూ మొహమూ తెలియని మరో మనిషి కాంటా మీద వాటిని పెట్టి, డబ్బు చేతికి రాకముందే ఆ కాగితం జేబులో పెట్టుకుని ఊరి బస్సు ఎక్కుతాడు. ఆ ధైర్యం అతనికి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగిన రచయితకు చీకటిలో నడిచే అంగడి కూడా లొంగుతుంది.

చిన్నప్పుడు మీ తాత వెంట దేవరకద్ర పశువుల అంగడికి వెళ్లేదానినని నీ ఉత్తరంలో రాశావు. ఎడ్ల బేరంలో మారుబేరగాళ్లు తువ్వాల కప్పుకుని దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవడం నువ్వు చూసే ఉంటావు. అక్కడ మనుషులు ఎండలో అందరి ముందూ నిలబడతారు, వాళ్ల ఊరూ పేరూ తాతముత్తాతలూ అందరికీ తెలుసు, ధర ఒక్కటే తువ్వాల కింద దాక్కుంటుంది. డార్క్‌నెట్ అంగడిలో ఇదంతా తిరగబడింది. ధర బహిరంగంగా ఉంటుంది, సరుకు బొమ్మ ఉంటుంది, అంతకుముందు కొన్నవాళ్ల మెప్పులూ తిట్లూ నక్షత్రాల లెక్కతో సహా ఉంటాయి, మనిషి మాత్రం తువ్వాల కింద ఉంటాడు. ఇంత మంచి పోలిక నీ బాల్యంలోనే పడి ఉండగా, నువ్వు దాన్ని తాకకుండా, మొదటి నలభై పేజీలను, జాడ తెలియకుండా ఇంటర్నెట్ వాడనిచ్చే టోర్ అనే సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో వివరించడానికి ఖర్చుపెట్టావు.

ఆ వివరణలోనైనా తప్పులు దొర్లకుండా చూసుకోవలసింది. టోర్‌ను నేరగాళ్లు తయారుచేసుకున్నారని మల్లేశ్ చేత చెప్పించావు. ఉల్లిగడ్డ పొరల వంటి ఆ పద్ధతి 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టింది. 2002లో టోర్ రూపంలో బయటి ప్రపంచానికి వచ్చింది. గూఢచారి తన సమాచారాన్ని దాచుకోవడానికి అల్లిన దుప్పటిని, నలుగురూ కప్పుకుంటే తప్ప అతను అందులో దాగలేడు కనుక, అందరికీ ఇచ్చారు. ఈ వింతను చెబితే రెండు వాక్యాలు చాలు, నలభై పేజీలు అక్కరలేదు. ఇక బిట్‌కాయిన్‌ను మూడుచోట్ల ‘ఆనవాలు వదలని డబ్బు’ అన్నావు. 2009లో మొదలైన ఆ డబ్బుకు సంబంధించిన ప్రతి లావాదేవీ, లోకంలో ఎవరైనా తెరిచి చూడగల ఖాతాపుస్తకంలో చెరగకుండా ఉంటుంది. అందులో పేర్లు ఉండవు, అంతే. ఒక్క ఖాతాకు పేరు అతుక్కుంటే చాలు, వెనకటి పద్దులన్నీ నోరు తెరుస్తాయి. సిల్క్ రోడ్ అనే అంగడి మీద దర్యాప్తు చేసిన అమెరికా అధికారుల్లో ఇద్దరు ఆ కేసులోని బిట్‌కాయిన్లనే కాజేసి, 2015లో శిక్ష పడి జైలుకు వెళ్లారు. నీ నవలలోని పోలీసులు మరీ కడిగిన ముత్యాల్లా ఉన్నారు, వాళ్లలో ఒక్కడికైనా ఇటువంటి ఆశ పుట్టించు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఏడో అధ్యాయంలో ‘చూస్తుండగానే వేలమంది చేరారు’ అని ఒక్క వాక్యంతో అంగడి ఎదుగుదలను ముగించావు. ఆ వాక్యాన్ని కొట్టేశాను. వేలమంది ఎన్నడూ చూస్తుండగా చేరరు. మొదట ఒకడు వస్తాడు, వాడు ఎందుకు వచ్చాడన్నదే కథ. 2011 మొదట్లో సిల్క్ రోడ్‌ను తెరిచిన రాస్ ఉల్బ్రిక్ట్, అమ్మేవాడు లేని అంగడికి కొనేవాడు రాడని గ్రహించి, మత్తునిచ్చే పుట్టగొడుగులను తానే పెంచి తొలి సరుకుగా పెట్టాడు. కొత్తగా కిరాణం పెట్టినవాడు ఖాళీ డబ్బాలను ముందు వరుసలో నిండుగా పేర్చడం మన వీధుల్లోనూ చూస్తాం. ఆ తర్వాత కొన్నవాడి సొమ్ము అమ్మినవాడికి నేరుగా పోకుండా, సరుకు చేరిందని కబురు వచ్చేదాకా అంగడి యజమాని దగ్గరే ఆగే ఏర్పాటు వచ్చింది. ఎస్క్రో అంటారు దాన్ని. పందెం కాసేటప్పుడు ఇద్దరి సొమ్మూ పెద్దమనిషి చేతిలో పెట్టడం లాంటిదే. దొంగసరుకు అమ్మేచోట మాట తప్పని పెద్దమనిషిగా పేరు తెచ్చుకోవడానికి మల్లేశ్ పడే తంటాలు, అర్ధరాత్రి ఇద్దరు అపరిచితుల తగవు తీర్చడానికి అతను కూర్చునే పంచాయితీ, అందులో ఒక బీద కొనుగోలుదారుకు తన కమీషన్ వదులుకుని డబ్బు తిరిగి ఇప్పించడం, ఇవి రాయి. పాఠకుడు మల్లేశ్‌ను ఇష్టపడాలి. ఇష్టపడ్డందుకు తరువాత సిగ్గుపడాలి.

ఈ పాఠం నాకు మా నాన్న నేర్పాడు. మాకు రెండెకరాల బత్తాయి తోట ఉండేది. ఒక ఏడాది పై ఊరి వ్యాపారి ఒకడు తోట మీదికే వచ్చి ధర కుదుర్చుకుని, కాయ ఢిల్లీకి పంపుతానన్నాడు. మొదటి లారీకి నగదు అక్కడికక్కడే లెక్కపెట్టాడు. రెండోది, మూడోది, నాలుగోది కూడా అంతే, తరుగు దగ్గర కూడా పేచీ పెట్టలేదు. దసరాకు మిఠాయి డబ్బా పంపాడు. అయిదో లారీ నాడు, ఢిల్లీ సొమ్ము రెండు రోజుల్లో వస్తుందని చెప్పి, మా ఒక్కరి తోటే కాకుండా చుట్టుపక్కల తోటలన్నిటి కాయా ఉద్దెర మీద ఎత్తుకున్నాడు. ఆ లారీకి తాడు బిగించడానికి మా నాన్న స్వయంగా పైకెక్కాడు. తర్వాత వెళ్లి చూస్తే వాడు అద్దెకున్న గది తలుపుకు తాళం వేసి ఉంది.

నేను రాసిన తొలి కథ ఆ వ్యాపారి మీదే. వాడికి మెల్లకన్నూ, బంగారు పన్నూ, వెకిలి నవ్వూ పెట్టాను. అచ్చయిన పత్రిక తీసుకొచ్చి నాన్నకు చదివి వినిపిస్తే, ఆయన బీడీ ఆర్పి, ‘గసొంటోడైతే నేనెందుకు నమ్ముతుంటి కొడుకా?’ అన్నాడు. నాన్న పోయి చాలా ఏళ్లయింది, నేను ఇంకా ఆ ప్రశ్నకు జవాబుగానే కథలు రాస్తున్నాను. వాడు నాలుగు లారీలకు డబ్బిచ్చిన మనిషి అన్న సంగతిని నేను కథలో దాటవేశాను, ఎందుకంటే అది నా కోపానికి అడ్డం వచ్చింది.

2015 మార్చిలో ఎవల్యూషన్ అనే పెద్ద డార్క్‌నెట్ అంగడిని నడిపినవాళ్లు, ఎస్క్రోలో జమపడిన కోటి డాలర్లకు పైబడిన బిట్‌కాయిన్లతో మాయమయ్యారు. ఇంగ్లీషులో దానికేదో పేరుంది కాని, మనవాళ్లు బోర్డు తిప్పేశాడంటారు. కాస్త చదువుకున్నవాడైతే ఐపీ పెట్టాడంటారు. ఆ అంగడి అంతకుముందు మంచి పేరున్నది కనుకనే అంత సొమ్ము అందులో నిలిచింది. పేరులేని అంగడిలో ఎత్తుకుపోవడానికి ఏమి ఉంటుంది? నీ మల్లేశ్ నమ్మకస్తుడుగా ఎదిగినకొద్దీ అతని చేతికింద పరుల సొమ్ము పేరుకుంటుంది, పేరుకున్నకొద్దీ అయిదో లారీ రోజు దగ్గరపడుతుంది. అతను ఎత్తుకుపోతాడో లేదో నీ ఇష్టం. ఎత్తుకుపోవచ్చునన్న ఆలోచన మొదటిసారి తలలో మెదిలిన రాత్రి మాత్రం నవలలో ఉండి తీరాలి.

పతనం విషయంలో నీకూ నాకూ పేచీ ఇంకా పెద్దది. చివరి అధ్యాయంలో ఒక మేధావి అధికారి పది నిమిషాలు కీబోర్డు మీద టకటకలాడించి మల్లేశ్‌ను పట్టేస్తాడు. నాకు తెలిసిన పెద్ద కేసుల్లో అలా జరగలేదు. ఉల్బ్రిక్ట్ తన అంగడి గురించి 2011లో నలుగురికీ తెలియజేయడానికి ఇంటర్నెట్ చర్చావేదికల్లో ఒక మారుపేరుతో రెండు మాటలు రాశాడు. అదే మారుపేరుతో కొన్నాళ్ల తర్వాత పనివాళ్ల కోసం వెతుకుతూ సొంత పేరున్న జీమెయిల్ చిరునామా ఇచ్చాడు. పన్నుల శాఖ దర్యాప్తు అధికారి ఒకరు పాత రాతలు తిరగేస్తూ దాన్ని పట్టుకున్నారు. 2013 అక్టోబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రజా గ్రంథాలయంలో అతని వెనక మామూలు జనంలా కలిసిపోయిన అధికారులు, ఒక ఆడామగా, పోట్లాడుకుంటున్నట్టు నటించారు, అతను తల తిప్పగానే తెరిచి ఉన్న లాప్‌టాప్‌ను లాగేసుకున్నారు. అది మూతపడితే లోపలి రహస్యాలన్నీ తాళం పడిపోయేవి. ఆల్ఫాబే అనే మరింత పెద్ద అంగడిని నడిపిన అలెగ్జాండర్ కాజెస్ కథా ఇంతే. తొలి రోజుల్లో కొత్త సభ్యులకు పంపిన స్వాగత సందేశం అంచున అతని పాత హాట్‌మెయిల్ చిరునామా మిగిలిపోయింది. 2017 జూలైలో బ్యాంకాక్‌లో అతని ఇంటి గేటును కారుతో గుద్ది, అతన్ని బయటికి రప్పించారు. వారం తిరిగేసరికి అతను జైలుగదిలో శవమై కనిపించాడు.

ఈ రెండింటిలోనూ గమనించు: వాళ్లను పడగొట్టిన తప్పు, కస్టమరు ఒక్కడైనా వస్తే చాలునని ఎదురుచూసిన తొలి రోజుల నాటిది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ గోడలో మరిచిన తాపీ లాంటిది. కాబట్టి నీ చివరి అధ్యాయం ఒక్కటే మారిస్తే చాలదు, ముందు రెండో అధ్యాయాన్ని మార్చు. అక్కడ మల్లేశ్ బద్ధకం కొద్దీ చేసిన ఒక చిన్న పనిని పాఠకుడి కళ్ల ముందే, పట్టనట్టుగా పెట్టి వదిలేయి.

నెదర్లాండ్స్ పోలీసులు హన్సా అనే అంగడిని చేజిక్కించుకున్నాక ఏం చేశారో కూడా తెలుసుకో. మూయలేదు. 27 రోజులు తామే కొట్టు నడిపారు, తగవులు తీర్చారు, ఆల్ఫాబే మూతపడి చెల్లాచెదురైనవాళ్లు అక్కడికి వలస వస్తుంటే వాళ్ల చిరునామాలు రాసుకున్నారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది ఎవరో మారిపోయినా కొనేవాళ్లకు తేడా తెలియలేదు. నమ్మకాన్ని మనిషి మీద కాక బోర్డు మీద పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి నీకు ఇంతకన్నా మంచి ఘట్టం దొరకదు. దీన్నే కాస్త మార్చి మల్లేశ్ అరెస్టయిన మర్నాటి నుంచి నడిపిస్తే, నాయకుడు లేని అంగడి యథాప్రకారం నడుస్తూ ఉండే మూడు అధ్యాయాలు నీకు ఊరికే దొరుకుతాయి.

కొన్నవాళ్ల సంగతి కూడా నవలలో లేదు. ఉల్బ్రిక్ట్‌కు 2015లో పెరోల్ లేని జీవితఖైదు వేసిన రోజున, ఆ అంగడిలో కొన్న మందులతో చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు కోర్టులో నిలబడి మాట్లాడారు. (2025 జనవరిలో అతనికి అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. జైలు తలుపు మూసుకోవడంతో ముగించిన నీ ఆఖరి పేజీని ఒకసారి ఆలోచించుకో.) నువ్వు పాలమూరు బిడ్డవు. కల్తీ కల్లుకు అలవాటుపడ్డ కూలీ, కల్లు కాంపౌండ్ మూసిన మూడో నాడు చేతులు వణుకుతూ, తనలో తాను మాట్లాడుకుంటూ ఆసుపత్రి వరండాలో పడి ఉండటం నువ్వు చూడని దృశ్యమేమీ కాదు. అల్‌ప్రజోలం అనే మత్తుమందు పొడి కల్లుకుండలోకి చేరినా, పోస్టు కవరులో ఇంటికి చేరినా, ఇంట్లో అమ్మ పడే బాధ ఒక్కటే. అలాంటి అమ్మ ఒకతె నవలలో తలుపు దగ్గర కవరు అందుకోవాలి, లోపల ఏముందో తెలియకుండా. ఏ మందు ఎంత మోతాదో, ఎక్కడ దొరుకుతుందో రాసిన పేజీలు మాత్రం తీసేయి, అవి కథకు ఏమీ చేయడం లేదు.

భాష గురించి ఒక్క మాట. డార్క్‌నెట్‌ను ‘కృష్ణజాలం’ అన్నావు. నాకు గొల్లభామలూ వేణువూ గుర్తొచ్చాయి. డార్క్‌నెట్ అనే రాయి, ఎవరూ ఏమీ అనుకోరు. కల్వకుర్తి కుర్రవాడు తల్లితో ఫోనులో మాట్లాడేటప్పుడు పుస్తకాల తెలుగు మాట్లాడనీయకు.

వచ్చే నెలలో నాకు పాలమూరులో పని ఉంది. ముందుగా ఉత్తరం రాస్తే దేవరకద్ర అంగడికి ఇద్దరం కలిసి వెళ్దాం. తువ్వాల కింద బేరం చేసే పాతకాలపు మారుబేరగాడు ఒకాయన నాకు తెలుసు, నీ చేతివేళ్లు పట్టుకుని ఒక జత ఎడ్లకు ధర చెప్పమని అడుగుతాను. వచ్చేటప్పుడు రాతప్రతి మొత్తం మోసుకురావద్దు. మల్లేశ్ అంగడికి మొదటి గిరాకీ వచ్చిన రాత్రి ఒక్కటి తిరగరాసి తీసుకురా.

ఆశీస్సులతో,
మీ నల్లగొండ సార్