వెనుక సీట్లో కూర్చున్నవారికీ సీటు బెల్టు అవసరమా?

హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు కారులో వెళ్లేటప్పుడు వెనుక కూర్చునే అమ్మానాన్నలను బెల్టు పెట్టుకోమని ఎలా ఒప్పించాలని అడిగారు. తప్పకుండా ఒప్పించండి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేనికైనా గుద్దుకుని ఆగితే, లోపలి మనిషి అదే వేగంతో ముందుకు దూసుకుపోతాడు. ఆ దెబ్బ సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి పడినంత. ముందు సీటును చేతులతో పట్టుకుని ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. పైగా, వెనుకవారి బరువంతా ముందున్నవారి వీపు మీద పడుతుంది. పెద్దవాళ్లతో నేనైతే జరిమానా మాట ఎత్తను (చట్టప్రకారం వెయ్యి రూపాయలు). "మీరు బెల్టు పెట్టుకోకపోతే ముందు కూర్చున్న మీ అబ్బాయికే ప్రమాదం" అంటాను. ఈ మాటకు వాళ్లు కాదనలేరు.

ముందుగా ఒకటి చూసుకోండి: చాలా కార్లలో కొత్త సీటు కవర్ల కింద బెల్టు లాక్ దాగిపోయి ఉంటుంది. దాన్ని పైకి తీసి ఉంచండి. నడుము పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి.