సరిగ్గా పోరాడని యమాటో యుద్ధనౌక మీద ఇంత మోజెందుకు?

ఏం గెలిచిందన్నది కాదు, ఎలా కట్టారన్నదే మనసు లాగేస్తుంది. జపాన్ యమాటోకు 46 సెంటీమీటర్ల ఫిరంగులు 9. ఒక్కో గుండు సుమారు 1,460 కిలోలు, 42 కిలోమీటర్లు పోతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర పేలిస్తే గుంటూరు దాటి పడుతుందన్నమాట! అలాంటి ఫిరంగులు శత్రునౌకల మీద పేలింది ఒక్క 1944 అక్టోబరు 25నే. 1945 ఏప్రిల్ 7న విమానాలు ముంచేశాయి. అంతటి ఓడ కాలం చెల్లే వేళకి పుట్టింది. నా దృష్టిలో అసలు ఆకర్షణ అదే.

బ్రిటన్ యుద్ధనౌక హుడ్ ఆకర్షణ మాత్రం ఉత్త అందమే.

మోడల్ కడతారా? 263 మీటర్ల యమాటో 1:350 స్కేలులో 75 సెంటీమీటర్లు వస్తుంది, ముందు అలమర కొలుచుకోండి. డెక్కుకి చెక్కరంగు వేసి, బాగా ఆరాక టేపు కప్పి, అప్పుడు బూడిదరంగు వేయండి. టేపు అంచు గోటితో నొక్కకపోతే రంగు కిందికి పాకుతుంది.