బీటెక్‌కి ల్యాప్‌టాప్: 8 జీబీనా, 16 జీబీనా?

మీ చెల్లెలు బీటెక్ సీఎస్‌ఈలో చేరుతోంది, 8 జీబీ ర్యామ్ (తెరిచిన ప్రోగ్రామ్‌లు నడిచే తాత్కాలిక మెమరీ) చాలా లేక ఇంకొంచెం పెట్టి 16 తీసుకోవాలా అని అడిగారు కదా. 16 తీసుకోండి అండి. విండోస్ 11కి కనీసం 4 జీబీ ఉంటే చాలని మైక్రోసాఫ్టే చెప్తుంది గానీ, రేపు ఆండ్రాయిడ్ స్టూడియో (ఫోన్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్), అందులో ఎమ్యులేటర్ (స్క్రీన్ మీదే ఫోన్‌లా పనిచేసేది), పక్కన క్రోమ్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే 8 జీబీ నిండిపోయి, మిగతా భారం ర్యామ్ కంటే నెమ్మదైన ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) మీద పడి, మౌస్ కదపడానికి కూడా టైమ్ పడుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే డిస్‌ప్లేకి కూడా ఆ ర్యామ్‌లోంచే కొంత పోతుంది.

బడ్జెట్ అస్సలు కుదరదంటే మాత్రం తర్వాత ర్యామ్ పెట్టుకోవడానికి ఖాళీ స్లాట్ ఉన్న మోడల్ చూడండి. ఇది చాలామంది అడగరు, తర్వాత బాధపడతారు. స్పెసిఫికేషన్లలో ఎల్‌పీడీడీఆర్5 (ఒక రకం ర్యామ్) అని ఉంటే దాదాపు ఎప్పుడూ ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేసి (అతికించేసి) ఉంటారు, ఇక పెంచలేం, మ్యాక్‌బుక్‌లూ అంతే. స్లాట్ ఉంటే ఇప్పుడు 8తో కొని, వచ్చే ఏడాది అదే స్పీడున్న ఇంకో 8 వేయించండి, డ్యూయల్ ఛానల్ (రెండు ర్యామ్‌లూ ఒకేసారి పనిచేయడం) వల్ల వేగం కూడా కాస్త పెరుగుతుంది.

32 జీబీ ఇప్పుడు అక్కర్లేదు. ఆ డబ్బుతో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నది తీసుకోండి.