ప్రభుత్వ శాఖలో డెవలపర్‌గా చేరితే నేర్చుకున్నదంతా పాతబడిపోతుందా?

ప్రైవేటు కంపెనీలో నాలుగేళ్లు జావా మీద పనిచేశాక రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టులోకి మారితే చేతిలో ఉన్న పని తుప్పుపట్టిపోతుందా, అసలు అక్కడ డెవలపర్‌కు పనంటూ ఉంటుందా అని అడిగారు. పని దండిగా ఉంటుంది. స్ప్రింగ్ బూట్, పోస్ట్‌గ్రెస్, యాంగ్యులర్ అక్కడా ఉన్నాయి. ఏళ్లనాటి వెబ్‌ఫారమ్స్ (మైక్రోసాఫ్ట్ పాత వెబ్ పద్ధతి) కోడ్ కూడా ఉంది, అదీ చూడాల్సి వస్తుంది. కానీ టెక్నాలజీ కొత్తదా పాతదా అన్న ఒక్క కొలతతో ఈ ఉద్యోగాన్ని చూడకండి. ఇక్కడ కష్టమంతా మరోచోట ఉంది. ప్రభుత్వంలో ప్రతి పేరుకూ, ప్రతి రేటుకూ, ప్రతి నిబంధనకూ ఒక అమలు తేదీ ఉంటుంది. చాలాసార్లు ఆ తేదీ జీవో వచ్చిన రోజు కాదు, దానికి ఎన్నో నెలల ముందుది. టేబుళ్లలో ఆ తేదీకి చోటు పెట్టని సాఫ్ట్‌వేర్ ఎంత కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో రాసినా కూలబడుతుంది.

వరంగల్‌నే తీసుకోండి. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత వరంగల్ నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వచ్చాయి. చేర్యాల సిద్దిపేటలోకి వెళ్లింది. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయింది, రూరల్ జిల్లా పేరు వరంగల్ అయింది. అంటే 'వరంగల్ జిల్లా' అన్న మాటకు 2016కు ముందు ఒక హద్దు, 2021 తర్వాత పూర్తిగా వేరే హద్దు. మధ్య ఐదేళ్లు ఆ ఒక్క మాటతో జిల్లాయే లేదు.

ఇలాంటి మార్పు వచ్చిన రోజు జిల్లాల పేర్లుండే మాస్టర్ టేబుల్‌లో పాత వరుస తీసుకుని పేరు మార్చేస్తే అరగంటలో పని అయిపోయినట్టే ఉంటుంది. డ్రాప్‌డౌన్ సరిగ్గా కనిపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఆరు నెలలకు ఎవరో 2014లో తీసుకున్న ధ్రువపత్రానికి నకలు కావాలని వస్తారు. సిస్టమ్ అప్పటి వివరాలను ఇప్పటి మాస్టర్‌తో జతచేసి, ఆ ఏడాదికి పుట్టని జిల్లా పేరుతో పత్రం అచ్చేస్తుంది. ఉద్యోగంలో స్థానికత తేల్చడానికి ఆ కాగితమే ఆధారమైతే ఆ మనిషి ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

దీన్ని మొదటి రోజే కట్టుదిట్టం చేయాలి. జిల్లా టేబుల్‌లో కోడ్, పేరుతో పాటు 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి వరకు' అన్న రెండు తేదీలు ఉండాలి. పేరు మారితే పాత వరుస ముగింపు తేదీ పూరించి కొత్త వరుస చేర్చాలి, పాతదాన్ని దిద్దకూడదు. ఏ మండలం ఏ జిల్లాలో ఉందన్నది వేరే టేబుల్, దానికీ అవే రెండు తేదీలు. దరఖాస్తులో మండలం కోడ్, దరఖాస్తు తేదీ దాచుకుంటే జిల్లా దానంతట అదే తేలుతుంది. జారీ చేసిన పత్రం మాత్రం ఆ రోజు ఎలా అచ్చయిందో అలాగే, అక్షరం మారకుండా దాచాలి. నకలు అడిగితే ఆ ప్రతే ఇవ్వాలి, మళ్లీ తయారుచేయకూడదు. శాఖ సొంత కోడ్ పక్కనే కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్ కూడా పెట్టుకోండి. మరో శాఖతో డేటా కలపాల్సిన రోజున పేర్ల స్పెల్లింగులతో కుస్తీ తప్పుతుంది. దరఖాస్తు నంబరులో మొదటి రెండంకెలు జిల్లా కోడ్ అన్న అలవాటు చాలా చోట్ల కనిపిస్తుంది, అది మానేయాలి. రసీదు మీద అచ్చయిపోయిన నంబరును జిల్లా మారిందని మార్చలేం.

అసలు గందరగోళం పెండింగ్ ఫైళ్ల దగ్గర మొదలవుతుంది. పాత జిల్లా అధికారి లాగిన్‌లో వందల దరఖాస్తులు ఉంటాయి. కొత్త అధికారి అప్పటికే బాధ్యతలు తీసుకుని ఉంటారు. విచారణ పూర్తయి సంతకం మాత్రమే మిగిలినవి ఎవరు చేయాలి? ఇది కోడ్‌లో తేల్చే ప్రశ్న కాదు. శాఖాధిపతి నుంచి కాగితం మీద తీసుకోవాలి. కొత్త అధికారి డిజిటల్ సంతకం డాంగిల్ (యూఎస్‌బీ పరికరం) రిజిస్టర్ అయ్యేదాకా ఆమోదాలు ఆగిపోతాయి, కాబట్టి ఆ జాబితా ముందే అడిగి పెట్టుకోవాలి. ముసాయిదా నోటిఫికేషన్ చూసి మాత్రం కోడ్ రాయొద్దు. 2016 ఆగస్టు నాటి ముసాయిదాలో కొత్త జిల్లాలు 17, చివరికి వచ్చినవి 21. జనగామ, సిరిసిల్ల, గద్వాల, ఆసిఫాబాద్ ఆఖరులో చేరినవే. జిల్లాలు డేటాగా ఉన్న అప్లికేషన్‌కు నాలుగు వరుసలు చేర్చడం పది నిమిషాల పని. కోడ్‌లో ఇఫ్-ఎల్స్‌గా ఉన్నదానికి అది వారాల పని. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడూ తేలింది ఇదే.

డబ్బు విషయంలో ఈ తేదీ ఇంకా కఠినం. కరువు భత్యం పెంచుతూ జీవో ఈ రోజు వస్తుంది, అమలు ఆరు నెలల కిందటి నుంచి అంటుంది. మూలవేతనం 40,000, భత్యం 30 శాతం నుంచి 33 శాతం అయిందనుకుందాం. నెలకు తేడా 1,200, ఆరు నెలలకు 7,200. కాగితం మీద ఇంతే. ఆ ఆరు నెలల్లో ఒకరికి ఇంక్రిమెంటు పడి ఉంటుంది, ఒకరు జీతం లేని సెలవులో ఉండి ఉంటారు, ఒకరు రిటైరై ఉంటారు, ఒకరు బదిలీ అయి మరో డీడీవో (జీతబిల్లు పెట్టే అధికారి) కిందికి వెళ్లి ఉంటారు. అందుకని ఈ నెల మూలవేతనం మీద వచ్చే తేడాను ఆరుతో గుణించి బకాయి కట్టకూడదు. ఏ నెలకు ఆ నెల జీతబిల్లును కొత్త రేటుతో మళ్లీ లెక్కగట్టి, ఇచ్చినదాన్ని తీసేసి, మిగిలినదే బకాయి అనాలి. రూపాయికి సర్దడం నెలనెలా చేయాలా, మొత్తం మీద ఒకసారి చేయాలా అన్నది కూడా రాసి తీసుకోండి. ఒక్కొక్కరికి రెండు మూడు రూపాయల తేడానే, కానీ ట్రెజరీ మొత్తంతో మన మొత్తం కలవకపోతే బిల్లు వెనక్కి వస్తుంది. రేటు టేబుల్‌లో రెండు తేదీలు విడివిడిగా ఉండాలి: రేటు ఎప్పటి నుంచి వర్తిస్తుంది, అది మన సిస్టమ్‌లోకి ఎప్పుడు వచ్చింది. రెండోది లేకపోతే మార్చిలో ఇచ్చిన బిల్లులో పాత రేటు ఎందుకుందని ఆడిట్ అడిగినప్పుడు అప్పటికి జీవో రాలేదని చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

బ్యాంకు వివరాలదీ ఇదే సంగతి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, ఏడాది తర్వాత బ్యాంకు శాఖను గుర్తించే పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు చెల్లకుండా పోయాయి. తెలుగు రాష్ట్రాల్లో లబ్ధిదారుల ఖాతాలు ఆ బ్యాంకులో ఎన్ని ఉండేవో వేరే చెప్పనక్కర్లేదు. ఐఎఫ్ఎస్‌సీలో మొత్తం 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లీషు 'ఓ' కొట్టేవాళ్లు కోకొల్లలు కాబట్టి ఆ ఒక్క తనిఖీ ఫారంలోనే పెట్టండి. ఖాతా నంబరును అంకెల కాలమ్‌గా కాక టెక్స్ట్‌గా దాచండి. మండలాల నుంచి ఎక్సెల్‌లో వచ్చే జాబితాల్లో ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 16 అంకెల నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. ఈ ఒక్క కారణంతో చెల్లింపులు తిరిగొస్తే జనం తప్పు బ్యాంకుదనుకుంటారు.

డేటా దిద్దుబాట్ల గురించి గట్టిగా చెప్పాలి. 'ఫలానా వారి పుట్టిన తేదీ తప్పు పడింది, బ్యాకెండ్‌లో మార్చేయండి' అని ఫోన్ వస్తుంది. అడిగేది పై అధికారే అయినా, మాటసాయంగా అడిగినా, మెమో నంబరు లేకుండా అప్‌డేట్ క్వెరీ (డేటా మార్చే ఆదేశం) నడపొద్దు. కాగితం వచ్చాక పద్ధతి ఇది: మార్చబోయే వరుసలను ముందు మరో టేబుల్‌లోకి కాపీ చేయాలి. ట్రాన్సాక్షన్ తెరిచి క్వెరీ నడపాలి. మారిన వరుసల సంఖ్య మెమోలో ఉన్న సంఖ్యతో కలిస్తేనే కమిట్ చేసి మార్పును ఖాయం చేయాలి, లేకుంటే రోల్‌బ్యాక్‌తో వెనక్కి తీసుకోవాలి. మెమో నంబరు, తేదీ, పాత విలువ, కొత్త విలువ, నడిపినవారి పేరు లాగ్‌లో పడాలి. క్వెరీ రాసినవారు ఒకరు, నడిపేవారు ఒకరు అయితే మరీ మంచిది. ఎందుకింత అంటే, ఐదేళ్ల తర్వాత ఒక సమాచారహక్కు దరఖాస్తు రావచ్చు, కాగ్ ఆడిట్ రావచ్చు, కోర్టు కేసు రావచ్చు. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌ 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ జతచేయాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) కూడా రాయాలి. అప్పుడు ఆ ఫోన్ చేసిన అధికారి ఎక్కడో బదిలీ మీద ఉంటారు. లాగ్‌లో ఉండేది మీ లాగిన్ పేరే.

తెలుగు ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌లో తెలుగునే పట్టించుకోకపోవడం నాకు మింగుడుపడని విషయం. టేబుళ్లు డిజైన్ చేసేటప్పుడు ఇంగ్లీషు పేర్లతోనే పరీక్షిస్తారు, తెలుగు చివర్లో చూద్దామంటారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో అక్షరాలు దాచే మామూలు వార్‌చార్ కాలమ్‌లోకి తెలుగు పంపితే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు పడతాయి, ఆ డేటా ఇక తిరిగి రాదు. కాలమ్ యూనికోడ్ పట్టే ఎన్‌వార్‌చార్ కావాలి, క్వెరీలో నేరుగా రాసే విలువ ముందు ఎన్ అక్షరం ఉండాలి. ఒరాకిల్‌లో కాలమ్ పొడవు బైట్లలో ఇస్తే మరో ఇబ్బంది. 'లక్ష్మి' కంటికి రెండక్షరాలే. యూనికోడ్‌లో ఏడు కోడ్‌పాయింట్లు (విడి సంకేతాలు), యూటీఎఫ్-8లో 21 బైట్లు. 20 బైట్ల కాలమ్‌లో ఆ ఒక్క పేరే పట్టదు. పీడీఎఫ్ దగ్గర ఇంకో గొడవ: ఐటెక్స్ట్ 5 లాంటి పాత లైబ్రరీలు తెలుగు ఒత్తులను కలపలేవు, 'క్ష్మి' ముక్కలైపోయి అచ్చవుతుంది. పేజీని హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి హెడ్‌లెస్ క్రోమ్‌తో (తెర లేకుండా నడిచే బ్రౌజర్‌తో) పీడీఎఫ్ తీస్తే ఒత్తులన్నీ చక్కగా కుదురుతాయి. ఎస్సెమ్మెస్ ఇంగ్లీషులో 160 అక్షరాలైతే తెలుగులో 70, అది దాటితే ఒక్కో ముక్క 67. పైగా సందేశం డీఎల్‌టీలో (టెలికాం ఆపరేటర్ల సందేశాల నమోదు వేదికలో) నమోదైన టెంప్లేట్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఎవరో చివర్లో 'ధన్యవాదాలు' చేర్చినా ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది, మన లాగ్‌లో మాత్రం 'పంపాం' అని ఉంటుంది. పథకం పొందేవారికి చదవొచ్చిన భాషలో సందేశం పంపడం అదనపు సౌకర్యమన్నట్టు ఫేజ్ టూలోకి నెట్టేయడం చాలా తప్పు.

మరో ఫిర్యాదు ప్రారంభోత్సవం తేదీ మీద. తేదీ ముందు ప్రకటిస్తారు, సెక్యూరిటీ ఆడిట్ తర్వాత గుర్తొస్తుంది. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న సంస్థ పరీక్షించి, లోపాలు రాసి, మనం సరిచేశాక మళ్లీ పరీక్షించి, అప్పుడు ధ్రువపత్రం ఇస్తుంది. కనీసం నాలుగు వారాలు పక్కన పెట్టుకోండి, ఆ నాలుగు వారాలూ లోపాలు సరిచేయడానికి తప్ప కోడ్ కదపకండి. దాదాపు ప్రతి నివేదికలో కనిపించేవి కొన్ని ఉన్నాయి: యూఆర్ఎల్‌లో దరఖాస్తు నంబరు మారిస్తే పక్కవారి వివరాలు తెరుచుకోవడం, ఒకే క్యాప్చా మళ్లీ మళ్లీ పనిచేయడం, ఫోటో చోట వేరే ఫైలు ఎక్కడం, లాగిన్ తర్వాత సెషన్ ఐడీ మారకపోవడం. ఇవి ముందే చూసుకుంటే మొదటి విడత సగం తేలికవుతుంది. ఆధార్ నంబరును మామూలు టేబుళ్లలో దాచకూడదు, విడిగా, ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచే డేటా వాల్ట్‌లో పెట్టి బయట దాని బదులు రిఫరెన్స్ కీ వాడాలి. 2022 ఏప్రిల్ నాటి సర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, భద్రతా ఘటన జరిగితే తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలి. సర్వర్ డిస్క్ నిండుతోందని లాగ్‌లు తుడిచేసే స్క్రిప్టులు ఏమైనా నడుస్తున్నాయేమో చేరిన వారమే చూడండి.

ఇక చేరాలా వద్దా అన్నది. 'ప్రభుత్వ ప్రాజెక్టు' అంటే ప్రభుత్వ ఉద్యోగం కాదు. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీలో సైంటిస్ట్-బి అంటే కేంద్ర వేతన శ్రేణుల్లో లెవెల్ 10, మూలవేతనం 56,100 నుంచి మొదలు. సైంటిఫిక్ లేదా టెక్నికల్ అసిస్టెంట్-ఏ అయితే లెవెల్ 6, 35,400. ఇవి నోటిఫికేషన్, పరీక్ష ద్వారా వచ్చే రెగ్యులర్ పోస్టులు. కేంద్ర కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డ్యాక్‌లో ప్రాజెక్ట్ ఇంజినీర్ అంటే కాంట్రాక్టు. శాఖల్లో కూర్చుని కోడ్ రాసేవాళ్లలో ఎక్కువమంది ఏజెన్సీ మనుషులు. శాఖ ఏజెన్సీకి ఇచ్చేది ఒకటి, చేతికొచ్చేది ఒకటి, టెండర్ మారితే ఏజెన్సీ మారుతుంది, మనిషి అదే కుర్చీలో ఉంటారు. అదే మీకు వచ్చిన అవకాశమైతే ఆఫర్ లెటర్‌లో యజమానిగా ఎవరి పేరుందో, ఒప్పందం ఏ తేదీ దాకా ఉందో, పీఎఫ్ ఎవరు కడతారో, బిల్లు ఆలస్యమైనా జీతం ఇస్తారా అన్నది రాతలో తీసుకోండి. ఇంటర్వ్యూలో మీరూ ఒకటి అడగండి: మాస్టర్ టేబుళ్లలో అమలు తేదీలు ఉన్నాయా అని. లేవంటే మీ మొదటి ఏడాది దేనిమీద గడుస్తుందో తెలిసిపోతుంది, జీతం ఆ లెక్కన మాట్లాడుకోండి.