నిజాంపేటలో ఫ్లాట్ కొనేముందు నీళ్ళ సంగతి కనుక్కోండి

హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూస్తున్నామని, మీవారి ఆఫీసు హైటెక్‌సిటీలో ఉందని, అత్తగారు మీతోనే ఉంటారని, అక్కడ ఉండటం ఎలా ఉంటుందో చెప్పమని అడిగారు. మేం 2014 జనవరి నుంచి నిజాంపేటలోనే ఉంటున్నాం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు.

మేం వచ్చేటప్పటికి ఇది ఇంకా గ్రామ పంచాయతీ. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు వరుసగా లేచిపోయాయి కానీ ఇంటిపన్ను కట్టడానికి పంచాయతీ ఆఫీసుకే వెళ్ళేవాళ్ళం. 2019లో గానీ నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ కలిపి మున్సిపల్ కార్పొరేషన్ చేయలేదు. ముందు ఇళ్ళు కట్టారు, జనం దిగారు, ఆ తర్వాత రోడ్లు, డ్రైనేజీ, మంచినీళ్ళ పైపులు ఒక్కొక్కటే వచ్చాయి. ఆ మధ్యలో ఉన్నవాళ్ళు పడే ఇబ్బంది ఫ్లాట్ చూపించేవాళ్ళు చెప్పరు. అందుకే టైల్స్, బాల్కనీ తర్వాత చూడండి. ఆ బిల్డింగ్‌కి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో, వాన పడితే ఆ వీధి నీళ్ళు ఎటు పోతున్నాయో ముందు కనుక్కోండి.

మాకు అమ్మిన బిల్డర్ "మంజీరా నీళ్ళు ఆరు నెలల్లో వచ్చేస్తాయి" అన్నాడు. ఇక్కడ పైపులో వచ్చే నీళ్ళు ఏ నదివైనా జనం మంజీరా నీళ్ళనే అంటారు. మా బిల్డింగ్‌కి ఆ కనెక్షన్ రావడానికి మూడేళ్ళకు పైగా పట్టింది. అప్పటిదాకా ఇరవై ఫ్లాట్లకీ రెండు బోర్లే దిక్కు. 2016 ఎండాకాలంలో సింగూరు, మంజీరా రిజర్వాయర్లే ఎండిపోయాయి, ఇక మా బోర్లెంత? మార్చి చివరికి ఒకటి, ఏప్రిల్‌లో రెండోది గాలి కొట్టడం మొదలుపెట్టాయి. ట్యాంకర్ బుక్ చేస్తే రెండు రోజులకో, మూడు రోజులకో వచ్చేది, ఒక్కోసారి అర్ధరాత్రి దాటాక. హారన్ వినపడగానే ఎవరో ఒకరు దిగి దగ్గరుండి సంప్ నింపించుకునేవాళ్ళం. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట మోటారు వేసేవారు. మెయింటెనెన్స్ ఆ మూడు నెలలూ రెట్టింపుకు మించింది. మా పాప అప్పుడు రెండో తరగతి. ఎవరైనా చుట్టాలు వస్తామని ఫోన్ చేస్తే నీళ్ళ టెన్షన్‌తో నాకు గొంతు పెగిలేది కాదు. మా ఊళ్ళో ఇంటిముందు కాలువ పారుతుంటే పెరిగినదాన్ని, ఆ మాట అమ్మకు చెప్పుకోలేకపోయాను.

అదే ఏడాది సెప్టెంబరులో భారీ వానలు పడ్డాయి. ఇక్కడి తురక చెరువు పొంగి బండారి లేఅవుట్ కాలనీ మునిగిపోయింది. సెల్లార్లు పైదాకా నిండి, కార్లు లోపలే ఉండిపోయి, జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. మా వీధి కాస్త మెరకలో ఉంది కాబట్టి మోకాళ్ళ లోతుతో పోయింది. బండారి లేఅవుట్‌లో ఉండే నా స్నేహితురాలు, వాళ్ళాయన, ఇద్దరు పిల్లలు ఐదు రోజులు మా ఇంట్లో ఉన్నారు. ఆమె ఇంకా హోమ్‌లోన్ కడుతూనే ఉంది. రాత్రిళ్ళు నిద్రపోకుండా కూర్చుని "చెరువు నీళ్ళొచ్చే దారిలో కట్టారని మాకెవరూ చెప్పలేదు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అనేది. అంతకు నాలుగు నెలల ముందే ట్యాంకర్ కోసం ఎదురుచూసినవాళ్ళం మేమిద్దరమూ.

ఇప్పుడు చాలా మారింది. గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి నగరానికి వస్తున్నాయి, మాకూ రోజు విడిచి రోజు వస్తాయి. అయినా ఎండాకాలంలో అవి చాలవు, వాడకానికి ట్యాంకర్లు తప్పడం లేదు. మీరు ఫ్లాట్ చూడటానికి ఏప్రిల్, మే నెలల్లో రండి. అసోసియేషన్ వాళ్ళనడిగి పోయిన ఏడాది ట్యాంకర్ల ఖర్చు ఎంతయిందో లెక్కల పుస్తకంలో చూడండి. వాచ్‌మన్‌తో విడిగా మాట్లాడండి, అతనికి తెలిసినంత సెక్రటరీకి కూడా తెలియదు. పెద్ద వాన పడిన మర్నాడు ఇంకోసారి వచ్చి వీధి చివరిదాకా నడవండి. సెల్లార్ గోడల మీద నీటి చారలుంటే అడగండి. దగ్గర్లో చెరువుంటే హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో దాని ఎఫ్‌టీఎల్ మ్యాపు, అంటే చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూపే మ్యాపు, దొరుకుతుంది. సర్వే నంబరు పట్టుకుని లాయర్‌తో సరిచూపించండి. ఆ మాత్రం ఫీజుకి వెనకాడకండి.

ఆఫీసు ప్రయాణం గురించి ఒక్కమాట. మెట్రో దగ్గరే కదా అని లెక్కేసుకోకండి. నిజాంపేట నుంచి షేర్ ఆటోలో జేఎన్‌టీయూ స్టేషన్‌కి వెళ్ళి, మెట్రోలో అమీర్‌పేట దాకా పోయి, అక్కడ మారి మళ్ళీ వెనక్కి హైటెక్‌సిటీకి రావాలి. మావారు రెండు నెలలు ప్రయత్నించి మళ్ళీ బైకు తీశారు. పొద్దున ఎనిమిదిలోపు బయల్దేరితే నయం, తొమ్మిదిన్నరకైతే నిజాంపేట రోడ్డు మీదే సగం ఓపిక అయిపోతుంది. స్కూళ్ళకి, ఆసుపత్రులకి కొదవ లేదు.

మీ అత్తగారి గురించి మాత్రం దిగులు పడకండి. ఇక్కడ గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి, ఖమ్మం, వరంగల్ వైపు నుంచి పిల్లల కోసం వచ్చిన పెద్దవాళ్ళు ప్రతి బిల్డింగ్‌లో ఉన్నారు. మా అత్తగారు వచ్చిన మొదటి నెలంతా ఊరికి పంపించేయమని ఏడ్చారు. ఎదురు ఫ్లాట్‌లో కరీంనగర్ పెద్దావిడ ఒక సాయంత్రం సకినాలు పట్టుకొచ్చి తలుపు కొట్టింది. బదులుగా మా అత్తగారు మర్నాడు గోంగూర పచ్చడి పంపారు. ఇప్పుడు సాయంత్రం నాలుగయ్యేసరికి ఆరుగురు కింద పార్కింగ్‌లో కుర్చీలు వేసుకుంటారు. బతుకమ్మ మా సెల్లార్‌లోనే పేరుస్తారు, మా అత్తగారు పాటలన్నీ నేర్చుకున్నారు. పోయినసారి సంక్రాంతికి ఊరెళ్ళి, నాలుగో రోజుకే "ఇంటికెప్పుడు వెళ్దాం" అని ఆవిడే అడిగారు.